పంట ఒకచోట, గాదె ఇంకోచోట

అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు పడమటి కొసన, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని లవింగ్ అనే కౌంటీ ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన మనుషులు 64 మంది. నేల కింద మాత్రం పెర్మియన్ బేసిన్ చమురు ఉంది. ఏటా అక్కడ తోడే చమురు, గ్యాస్ విలువ వందల కోట్ల డాలర్లు. దాన్ని 64తో భాగిస్తే ప్రపంచంలో ఇంతటి సంపన్నులు మరెక్కడా లేరనిపిస్తుంది. భాగహారంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ డబ్బులో చాలాభాగం హ్యూస్టన్ లాంటి నగరాల్లోని కంపెనీలకు, దేశమంతటా ఉన్న వాటాదార్లకు, షిఫ్టులు ముగించుకుని సొంత ఊళ్లకు వెళ్లిపోయే కార్మికులకు పోతుంది. పంట ఒకచోట పండింది, గాదె ఇంకోచోట నిండింది.

కౌంటీ అంటే రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం, దాదాపు మన జిల్లా లాంటిది. అమెరికాలో ఇవి 3,100కు పైగా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటిమంది ఉంటే లవింగ్‌లో ఒక పెళ్లిపందిరికి సరిపడా జనం కూడా లేరు. ఇంత తేడా ఉన్న ప్రాంతాల ఆర్థిక స్థితిని ఒకే అంకెతో చెప్పాలని చూస్తే ఏదో ఒక మూల అబద్ధం చోటుచేసుకుంటుంది. అందుకే ఆర్థికవేత్తలు అంకెలను జతలుగా చదువుతారు. రెండు అంకెలు ఎక్కడ పొసగలేదో అక్కడే ఆ ప్రాంతం అసలు సంగతి బయటపడుతుంది.

ఎక్కడ పుట్టింది, ఎవరికి చేరింది?

మొదటి జత స్థూల ఉత్పత్తి, నివాసుల ఆదాయం. కౌంటీ హద్దుల్లోపల ఒక ఏడాదిలో పుట్టిన వస్తువులు, సేవల అదనపు విలువ మొత్తం స్థూల ఉత్పత్తి, అంటే జీడీపీ. ఆ కౌంటీలో కాపురం ఉండేవాళ్లకు ఏ మూల నుంచి వచ్చినా సరే, చేతికందిన రాబడి వ్యక్తిగత ఆదాయం. ఈ రెండింటినీ అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ లెక్కిస్తుంది. ఆదాయం అంకెలు 1969 నుంచీ దొరుకుతాయి. కౌంటీల జీడీపీ మాత్రం 2018 డిసెంబరులో నమూనాగా మొదలై, 2019 డిసెంబరు నుంచి క్రమం తప్పకుండా వెలువడుతోంది.

ఇంత ఆలస్యానికి కారణముంది. జీతాల లెక్క సులభమే. నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకోసారి దాఖలు చేసే వివరాల్లో దేశంలోని ఉద్యోగాల్లో నూటికి 95కు పైగా దొరుకుతాయి. లాభాల దగ్గరే చిక్కు. పది రాష్ట్రాల్లో శాఖలున్న కంపెనీ లాభంలో ఏ కౌంటీ వాటా ఎంత? దానికి నేరుగా జవాబిచ్చే పద్దు లేదు. రాష్ట్రం మొత్తాన్ని తగిన ఆధారాలతో కౌంటీలకు పంచాలి.

ఆదాయం లెక్కలోనూ ఒక మెలిక ఉంది. న్యూయార్క్ కౌంటీ అంటే మన్‌హట్టన్. అక్కడ కాపురముండేది దాదాపు 17 లక్షల మంది. పనిరోజున పగటిపూట జనం రమారమి రెట్టింపవుతారు. న్యూజెర్సీ నుంచీ బ్రూక్లిన్ నుంచీ వచ్చినవాళ్లు మన్‌హట్టన్‌లో సంపాదించిన జీతం సాయంత్రానికి వాళ్లతోపాటే ఇంటికి వెళుతుంది. జీతాల పద్దు పనిచేసే చోటును చూపిస్తుంది కనుక, ఆ సొమ్మును నివాసమున్న కౌంటీ ఖాతాలోకి మార్చాలి. దీన్ని నివాస సవరణ అంటారు. మన్‌హట్టన్‌లో ఈ సవరణ భారీగా కోత పెడుతుంది, చుట్టుపక్కల కౌంటీలకు భారీగా కలుపుతుంది.

సగటు చేసే మోసం

పోనీ, నివాసుల ఆదాయాన్ని తలసరి చేస్తే? వయోమింగ్ రాష్ట్రంలోని టీటన్ కౌంటీ తలసరి వ్యక్తిగత ఆదాయంలో దేశంలోనే మొదటి స్థానంలో ఉంటోంది. 2021లో అది 3 లక్షల డాలర్లు దాటింది. పసివాళ్లతో సహా తలకు మూడు లక్షలన్నమాట. వయోమింగ్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మంచుకొండలు, జాతీయ పార్కులు ఉన్నాయి. అందుకే అపర కుబేరులు కొందరు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల డివిడెండ్లూ వడ్డీలే ఆ సగటును ఆకాశానికెత్తాయి.

కుటుంబాలన్నింటినీ ఆదాయం వరుసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యనున్న కుటుంబాన్ని పలకరిస్తే వచ్చే అంకె మధ్యగతం. టీటన్‌లో అది కుటుంబం మొత్తానికి కలిపి లక్ష డాలర్ల చుట్టుపక్కలే. హోటళ్లలో, స్కీ రిసార్టుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది ఇళ్ల ధరలు భరించలేక కనుమ దాటి పక్కనున్న ఐడహో నుంచి రోజూ వచ్చిపోతుంటారు. సగటుకూ మధ్యగతానికీ మధ్య ఇంత దూరం కనిపిస్తే, సంపద ఉన్నది కొద్దిమంది దగ్గరేనని అర్థం.

నిరుద్యోగం తగ్గిందంటే...

వెస్ట్ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీ ఒకనాడు బొగ్గుకు పేరుమోసింది. 1950లో అక్కడ దాదాపు 99 వేల మంది ఉండేవారు. గనుల్లో యంత్రాలొచ్చాయి, ఉక్కు పరిశ్రమ కుంగింది, 2020 నాటికి జనం 19 వేలకు చేరారు. 1961లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆహార కూపన్లను మొట్టమొదట అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే.

ఇలాంటి చోట నిరుద్యోగ రేటు ఒక్కటే చూస్తే దారి తప్పుతాం. పని లేకపోవడమొక్కటే చాలదు, సాధారణంగా గడిచిన నాలుగు వారాల్లో పనికోసం వెతికి ఉంటేనే అమెరికా లెక్కల్లో నిరుద్యోగి. వెతికి వెతికి విసిగి ఇంట్లో కూర్చున్నవాళ్లు, ఒళ్లు సహకరించక మానుకున్నవాళ్లు, ఊరొదిలి పోయినవాళ్లు లెక్కలోంచే తప్పుకుంటారు. అప్పుడు ఒక్క కొత్త ఉద్యోగమైనా రాకుండానే రేటు తగ్గుతుంది. అందుకే దాని పక్కన మరో అంకె పెట్టాలి: పనిచేసే వయసువాళ్లలో నిజంగా పనిలో ఉన్నది నూటికి ఎందరు? మెక్‌డోవెల్‌లో ఈ అంకె దేశపు సగటుకు చాలా దిగువన ఉంటుంది. నిరుద్యోగ రేటు చెప్పని కథ అది చెబుతుంది.

సంపాదనా, సాయమా?

వ్యక్తిగత ఆదాయంలో మూడు పాయలున్నాయి. పని మీద వచ్చేది మొదటిది. వడ్డీ, అద్దె, డివిడెండ్ల రూపంలో వచ్చేది రెండోది. పింఛన్లు, వైద్య సహాయం, ఆహార సహాయం లాంటి ప్రభుత్వ చెల్లింపులు మూడోది. 1970లో దేశం మొత్తం మీద ఈ మూడో పాయ ఆదాయంలో సుమారు 8 శాతం. 2022లో సుమారు 18 శాతం. జనాభా వయసు మీరడం, వైద్యం ఖరీదు పెరగడం ఇందుకు ముఖ్య కారణాలు. మూడో పాయ పెద్దదైనంత మాత్రాన కౌంటీ చితికిపోయిందని అనలేం. విశ్రాంత ఉద్యోగులు కోరి వచ్చి స్థిరపడే ఫ్లారిడా కౌంటీల్లోనూ అది పెద్దదే.

అపలేషియన్ రీజినల్ కమిషన్ ఈ తేడాను పట్టుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. అపలేషియన్ కొండప్రాంతపు అభివృద్ధి కోసం 1965లో ఏర్పడిన ఈ కమిషన్ పరిధిలో 13 రాష్ట్రాల్లోని 423 కౌంటీలున్నాయి. మూడేళ్ల సగటు నిరుద్యోగ రేటు, ప్రభుత్వ చెల్లింపులు తీసేశాక మిగిలే తలసరి ఆదాయం, పేదరికపు రేటు అనే మూడింటినీ దేశపు సగటుతో పోల్చి, కౌంటీలను ఏటా ఐదు తరగతులుగా విడదీస్తుంది. దేశం మొత్తంలో అట్టడుగు పదో వంతులో పడినవాటికి ‘కష్టాల్లో ఉన్నవి’ అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రను బట్టి సాయంలో కేంద్రం భరించే వాటా పెరుగుతుంది. అంటే ఈ అంకెల మీద నిధులు కూడా ఆధారపడి ఉన్నాయి.

రేపటి సంగతి

ఇవాళ బాగున్న కౌంటీ రేపు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దీనికి ‘లొకేషన్ కోషెంట్’ అనే సులువైన భాగహారం ఉంది. దేశంలో నూటికి 8 ఉద్యోగాలు ఒక రంగానివనీ, కౌంటీలో 24 అదే రంగానివనీ అనుకుందాం. 24ను 8తో భాగిస్తే 3. ఒకటికి మించిందంటే ఆ కౌంటీ తన అవసరానికి మించి తయారుచేసి బయటికి అమ్ముతోందని అర్థం. అదే దాని బలం. ఆ రంగం కుప్పకూలితే అదే దాని గండం.

రెండో పనిముట్టు పెరుగుదలను విడగొట్టి చూడటం. ఒక కౌంటీలో ఉద్యోగాలు 5 శాతం పెరిగాయనుకోండి. దేశమంతటా వచ్చిన ఊపు వల్ల 3 శాతం, అక్కడున్న రంగాలు దేశంలో జోరుగా పెరుగుతున్నందువల్ల మరో 4 శాతం, మొత్తం 7 శాతం పెరగాల్సింది. వచ్చింది 5. పెరిగినట్టు కనబడుతున్న కౌంటీ నిజానికి 2 శాతం వెనకబడింది.

మన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన వర్జీనియాలోని లౌడన్ కౌంటీ మధ్యగత కుటుంబ ఆదాయంలో ఏళ్లుగా దేశంలో ముందు వరుసలో ఉంది. అక్కడి ఆష్‌బర్న్ ప్రాంతం డేటా సెంటర్లకు ప్రపంచంలోనే అతిపెద్ద కేంద్రం. వాటిలోని కంప్యూటర్ సామగ్రి మీద వేసే పన్నే కౌంటీ ఖజానాకు పెద్ద ఆధారం. కట్టడం పూర్తయ్యాక ఆ భవనాల్లో పనిచేసేవాళ్లు మాత్రం కొద్దిమందే. ఖజానా నిండుగా ఉన్నా, ఒకే రంగం మీద ఇంతగా ఆధారపడటం అక్కడి పాలకులకు గుబులుగానే ఉంది.

చిన్న ఊళ్ల చిక్కు

జనం తక్కువైన కొద్దీ అంకెల మీద నమ్మకమూ తగ్గుతుంది. అమెరికా జనాభా లెక్కల సంస్థ ఏటా చేసే సర్వేలో 65 వేలకు తక్కువ జనమున్న కౌంటీలకు ఒక్క ఏడాది నమూనా చాలదు. ఐదేళ్లది కలిపి ఇస్తారు. అంటే నిరుడు గని మూతపడినా దాని దెబ్బ ఆ అంకెలో పూర్తిగా కనపడటానికి ఏళ్లు పడుతుంది. ఒకే ఒక్క కార్ఖానా ఉన్నచోట ఆ రంగం జీతాలు ప్రచురిస్తే యజమాని గుట్టు బయటపడుతుందని ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు.

మన దగ్గరా ఇదే ప్రశ్న వస్తుంది. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాల తలసరి ఆదాయమని ప్రభుత్వాలు ప్రకటించేది అక్కడ జరిగిన ఉత్పత్తిని జనాభాతో భాగించగా వచ్చేదే. తెలంగాణలో ఆ పట్టికలో ముందుండేది రంగారెడ్డి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులన్నీ ఆ జిల్లా హద్దుల్లోవే. అక్కడ పనిచేసేవాళ్లలో ఎందరో హైదరాబాద్, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాల్లో కాపురముంటారు. గల్ఫ్ నుంచి జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లకు వచ్చే డబ్బు ఈ ఉత్పత్తి లెక్కలో పడదు. జిల్లాలు చిన్నవైన కొద్దీ పనికోసం హద్దు దాటేవాళ్లు పెరుగుతారు, ఉత్పత్తికీ ఆదాయానికీ ఎడమూ పెరుగుతుంది. కాబట్టి ఏ జిల్లా ముందుంది, ఏది వెనకబడిందని తేల్చేముందు నివాసుల ఆదాయానికి విడిగా ఒక పద్దు తెరవాలి. అది లేనంతకాలం తలసరి ఆదాయం పట్టిక మనకు చెప్పేది ఆఫీసులూ ఫ్యాక్టరీలూ ఎక్కడున్నాయన్న సంగతి మాత్రమే.