అరుగుదలకు ముందే లెక్క కట్టిన ఇంజిన్

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తగానే కనిపించే ఆ ఇనుప దిమ్మ వయసు అంబాసిడర్ వయసు కన్నా ఎక్కువ. దాని మూలం 1947లో ఇంగ్లండులో ఆస్టిన్ కంపెనీ తన ఏ40 కారు కోసం చేసిన 1200 సీసీ ఇంజిన్. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా మారాక దాన్నే పెంచి 1489 సీసీ చేశారు. బి-సిరీస్ అని పేరు పెట్టారు. 1953లో అది ఎంజీ మాగ్నెట్‌లోకి, 1955లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులోకి ఎక్కింది. మన దగ్గర హిందుస్తాన్ మోటార్స్ వారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్‌గా తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది పాత సైడ్‌వాల్వ్ ఇంజిన్. 1959లో దాని చోట బి-సిరీస్ వచ్చింది. ఎంజీఏలో రెండు కార్బురేటర్లతో పరుగు తీసిన ఇంజినే ఇక్కడ ఒక్క కార్బురేటర్‌తో కలెక్టరు గారి కారునూ, రైల్వే స్టేషను ముందు టాక్సీనీ దశాబ్దాల పాటు లాగింది.

ఈ ఇంజిన్‌ని ఇంటి షెడ్డులో విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. గీసినవాళ్ళు ఇది అరుగుతుందని ముందే ఒప్పుకుని గీశారు. ఎక్కడ అరుగుతుందో, అరిగాక ఎంత కోయొచ్చో లెక్క వేసి, అంత ఇనుము అదనంగా ఉంచారు. ఆ లెక్కను చదవడమే ఇంజిన్ విప్పడంలోని అసలు పని.

చదవడం ఆయిలు దించడంతోనే మొదలవుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్ళు కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నల్లటి ఆయిలులో వెండి పొడిలాంటి మెరుపు ఉంటే బేరింగుల పైపొర రాలుతోంది. ఆ తర్వాత రేడియేటరు, కార్బురేటరు, మానిఫోల్డులు తీసేసి, చైన్ పుల్లీతో ఇంజిన్ బయటికి ఎత్తాలి. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. బరువు 150 కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి షెడ్డు దూలాన్ని నమ్ముకోకుండా గట్టి స్టాండు తెచ్చుకోవడం మంచిది.

హెడ్డు దగ్గర తొందరపడేవాళ్ళు దెబ్బతింటారు. రాకర్ షాఫ్టు స్తంభాలను పట్టుకునే నట్లలో నాలుగు హెడ్డును పట్టుకునేవే. రాకర్లే కదా అని ఆ నాలుగూ విప్పేస్తే బలమంతా ఒక పక్కకు పడి హెడ్డు వంగే ప్రమాదం ఉంది. బ్లాకులో మిగిలిన నీళ్ళు ముందే దించి, పదకొండు నట్లనూ ఒక వరసలో కొద్దికొద్దిగా వదులు చేయాలి. పుష్‌రాడ్లు, టప్పెట్లు ఏ చోటివి ఆ చోటికే తిరిగి వెళ్ళాలి. ఇన్నేళ్ళూ అవి తమ జోడీతోనే అరిగి కుదురుకున్నాయి. అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పెట్టి, నంబర్లు వేసి గుచ్చుకుంటే చాలు. మెయిన్ బేరింగ్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్ క్యాపుల విషయంలో ఈ నియమం ఇంకా కఠినం. వాటిని బిగించి ఉంచే కోశారు కాబట్టి ఒకదాని క్యాపు మరొకదానికి సరిపోదు.

తిరగేసిన హెడ్డులో హృదయాకారపు దహన గదులు కనిపిస్తాయి. గాలి ప్రవాహాన్ని లోతుగా అధ్యయనం చేసిన హ్యారీ వెస్లేక్ ఆలోచన అది. గదిలోకి పొడుచుకొచ్చిన ఇనుప మొన, వచ్చే మిశ్రమాన్ని సుడి తిప్పుతుంది. మిశ్రమం బాగా కలిసి మంట త్వరగా పాకుతుంది. అదే హెడ్డులో ఒక పిసినారితనం కూడా ఉంది. నాలుగు సిలిండర్లకు గాలి లోపలికి వెళ్ళే దారులు రెండే. ఒక సిలిండరు పీల్చడం పూర్తి కాకముందే పక్కది అదే దారిలో పీల్చడం మొదలెడుతుంది. ఎంజీ యజమానులు ఎంత ఖర్చు పెట్టినా ఈ పరిమితిని పూర్తిగా తప్పించుకోలేకపోయారు.

వాల్వు సీట్ల కథ వేరు. సీట్లను ఆ హెడ్డు ఇనుములోనే కోశారు. పెట్రోలులో సీసం ఉన్న రోజుల్లో దాని పలుచటి పొర వాల్వుకూ సీటుకూ మధ్య పరుచుకుని కాపాడేది. సీసం మన ఆరోగ్యానికి విషం. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు రావడం నూటికి నూరుపాళ్ళు మంచి నిర్ణయం. కానీ ఆ పొర పోయాక ఎగ్జాస్ట్ సీట్లు అరిగి, వాల్వు హెడ్డులోకి దిగబడటం మొదలైంది. ఇప్పుడు హెడ్డు విప్పినవాళ్ళు గట్టి ఉక్కు సీట్లు వేయించుకోవడమే సరైన పని.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు సిలిండరు గోడ. పైఅంచుకు కాస్త కింద గోరు పెట్టి రాస్తే ఒక మెట్టు తగులుతుంది. ఆ మెట్టు పైన రింగులు ఎన్నడూ వెళ్ళలేదు, కాబట్టి అక్కడ ఫ్యాక్టరీ కొలత అలాగే ఉంది. దాని కిందే అరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. ఎందుకంటే నిమిషానికి 4000 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 12 మీటర్లు. వేగంగా కదిలినంతసేపూ రింగు ఆయిలు పొర మీద తేలుతుంది. కానీ స్ట్రోకు చివర అది ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరగాలి. ఆగినప్పుడు పొర నిలవదు. దాదాపు అప్పుడే పైన మంట ఒత్తిడి తారస్థాయిలో ఉంటుంది, రింగును వెనకనుంచి గోడకేసి నొక్కుతుంది. అరుగుదల చుట్టూ సమానంగానూ ఉండదు. రాడ్డు ఏటవాలుగా తోస్తుంది కాబట్టి ఒక పక్క ఎక్కువ అరిగి, గుండ్రటి సిలిండరు కాస్త కోలగా మారుతుంది. అందుకే బోర్ గేజితో పైన, నడిమిన, కింద, అడ్డంగా, నిలువుగా కొలవాలి.

ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు కోయాల్సినంత అరిగాయని తేలితే బ్లాకును లేత్ షాపుకు మోయాల్సిందే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది రోజువారీ పని. అసలు బోరు 73.025 మి.మీ. పిస్టన్లు పది, ఇరవై, ముప్పై, నలభై థౌ పెద్ద సైజుల్లో వచ్చేవి. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. నలభై థౌ కోస్తే బోరు సుమారు ఒక మిల్లీమీటరు పెరిగి, 1489 సీసీ కాస్తా 1530 దాటుతుంది. ఆ పైన కూడా దారి ఉంది, స్లీవు వేసి మొదటి కొలతకు తిరిగి రావచ్చు. క్రాంక్‌షాఫ్టుకూ ఇలాంటి సైజులే. దాన్ని గ్రైండు చేసి సన్నబరిచి, అంత మందం ఎక్కువున్న షెల్ బేరింగులు వేస్తారు.

బోరింగ్ తర్వాత హోనింగ్. అద్దంలా నునుపు చేస్తే ఆయిలు నిలవదు. సాన రాళ్ళను తిప్పుతూ పైకీ కిందికీ ఆడిస్తే గోడ మీద అడ్డదిడ్డంగా ఖండించుకునే సన్నటి గీతలు పడతాయి. ఆయిలు దాక్కునేది వాటిలోనే. షాపు నుంచి వచ్చిన బ్లాకును సబ్బునీళ్ళతో, తెల్లగుడ్డకు మరక అంటనంతవరకు కడగాలి. మిగిలిన రాతిపొడి రేణువు కొత్త బేరింగుకు ఆకురాయి అవుతుంది.

కట్టేటప్పుడు క్యాంషాఫ్టు, క్రాంక్ పళ్ళచక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా రావాలి. టప్పెట్ల సందు చూడటానికి తొమ్మిది సూత్రం ఉంది. వాల్వులకు ముందునుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లిస్తే, ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండూ కూడితే ఎప్పుడూ తొమ్మిదే. వెనకవైపు క్రాంక్‌కు రబ్బరు సీలు కోసం వెతకొద్దు, ఉండదు. దాని మీద మర చుట్టులాంటి గాడి ఉంటుంది. తిరిగేటప్పుడు అది ఆయిలును లోపలికి తోస్తుంది, ఆగితే తోయలేదు. కారు నిలిపిన చోట రెండు చుక్కలు పడితే కట్టడంలో తప్పు జరిగిందని బెంగపడనక్కర్లేదు.

స్టార్టు చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిలు ప్రెషరు లేచేదాకా స్టార్టరు తిప్పాలి. అంటుకున్నాక ఐడ్లింగ్‌లో వదలకూడదు. ఇరవై నిమిషాల పాటు 2000 చుట్ల దగ్గర ఉంచాలి. క్యాం ముఖానికి ఆయిలు అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే తుంపర నుంచే, నెమ్మదిగా తిరిగితే ఆ తుంపర చాలదు. కొత్త టప్పెట్లు వేసి ఉంటే జింకు పాలు ఎక్కువున్న ఆయిలు వాటిని బతికిస్తుంది. చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ బిగించి, టప్పెట్ల సందు మళ్ళీ చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లకే ఆయిలు మార్చి, ఫిల్టరు మడతల్లో లోహపు రజను ఉందేమో వెతకాలి. బోరు, క్రాంక్ ఏ సైజుకు కోశారో ఒక రేకు మీద పంచ్ చేసి బ్లాకుకు బిగించండి. తర్వాత విప్పేవారికి ఇంకెంత ఇనుము మిగిలిందో తెలియాలి కదా.