ఆరుబయట ఒక రాత్రి - సంచిలో ఏమేం వుండాలి?

సెలవులు వచ్చాయంటే పిల్లలు ఇంట్లో నిలవరు. ఎక్కడికైనా తీసికెళ్ళమని ప్రాణం తీస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఈ మూడూ ఒకే రైలుదారిలో వున్న ఊళ్ళు. చుట్టూ కొండలు, తోటలు, చెరువులు. చలికాలంలో ఎండ తీవ్రత తగ్గి, తిరగడానికి ఇంపుగా వుంటుంది. కార్తీకమాసంలో వనభోజనాలకూ, శివరాత్రి జాగరణకూ, తిరునాళ్ళకూ బండి కట్టుకొని వెళ్ళి, చెట్టు కింద రాత్రి గడిపి రావడం మన పెద్దలకు అలవాటే. దానికి ఇప్పుడు ఒక గుడారం తోడై ‘క్యాంపింగ్’ అనే పేరు వచ్చింది. అంతే తేడా.

ఈ అలవాటు మంచిదే. రోజంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని వంగి పనిచేసేవారికీ, కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగులకూ, సెల్‌ఫోనుకు కళ్ళు అప్పగించిన పిల్లలకూ కొండగాలి, నాలుగడుగుల నడక ఎంతో మేలు చేస్తాయి. కాని మొదటిసారి బయలుదేరే కుటుంబాలు ఒక పొరపాటు చేస్తుంటాయి. చేతిలోని డబ్బంతా గుడారం మీద పెడతారు. మిగిలినవి ‘చూద్దాంలే’ అనుకుంటారు.

ఆరోగ్యం దృష్ట్యా చూస్తే గుడారానిది అయిదో స్థానం. దానికంటే ముందు నాలుగున్నాయి: నేలకు ఎత్తుగా పడక, చేతిలో వెలుతురు, నమ్మదగిన నీరు, ఆసుపత్రికి దారి. ఈ నాలుగూ కుదిరితే మామూలు టార్పాలిన్ కిందనైనా సుఖంగా నిద్రపోవచ్చు. ఇవి లేకపోతే ఎంత ఖరీదైన గుడారమూ మీ పిల్లల్ని కాపాడలేదు.

ముందు చోటు చూసుకోండి

పెనుకొండ కోట 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. కొండ ఎక్కి ఆ బురుజులు చూడవలసిందే. అయితే చూడడం వేరు, అక్కడ రాత్రి పడుకోవడం వేరు. ఈ ప్రాంతపు కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు వున్నాయి. అటవీశాఖ అనుమతి లేకుండా కొండమీద రాత్రి వుండకూడదు. లేపాక్షి గుడి వంటి పురావస్తుశాఖ రక్షణలోని కట్టడాల ఆవరణలో మకాం అసలే కుదరదు. పగలు అవన్నీ చూసి, సాయంత్రానికి దిగువకు వచ్చి, తెలిసినవారి తోటలో వారి అనుమతితో బస చేయడం మొదటిసారి వెళ్ళేవారికి అన్నివిధాలా మేలు.

తోటలోనైనా కొన్ని చోట్లు వద్దు. వేరుశనగ వామి పక్కన పడక వేయకండి. గింజలకోసం ఎలుకలు వస్తాయి, ఎలుకలకోసం పాములు వస్తాయి. రాళ్ళకుప్పలు, పుట్టలు, గడ్డివాముల దగ్గరా అంతే. పెద్ద మర్రిచెట్టుకో, కొండరాతికో తేనెతుట్టె వేలాడుతుంటే దాని కింద పొయ్యి ముట్టించకండి. పొగ తగిలితే తేనెటీగలు రేగి మీదపడతాయి. ఎండిపోయి ఇసుక మెత్తగా వున్నది గదా అని ఏటిలో గుడారం వేయడం మరీ ప్రమాదం. ఎగువన వాన కురిస్తే ఇక్కడ చుక్క పడకపోయినా నీరు వచ్చేస్తుంది. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు నదిలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరుతో బయటకు తేవలసి వచ్చింది.

పడక - దోమతెర

ఇక అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు. అది గుడారం కాదు, దోమతెర. దోమలకోసమే అనుకుంటున్నారేమో! మన ప్రాంతంలో అది పాముకు కూడా తెర.

కట్లపాము రాత్రిపూట తిరిగే జాతి. నేలమీద నిద్రపోతున్నవారిని కాటు వేస్తుంది. చాలాసార్లు ఆ కాటుకు నొప్పి వుండదు, వాపు వుండదు, గాటు కూడా కంటికి ఆనదు. నిద్రపోతున్న మనిషికి మెలకువే రాకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి మొదలవుతాయి. తర్వాత కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆడదు.

కాబట్టి ఈ మాట గుర్తు పెట్టుకోండి: ఆరుబయట నేలమీద పడుకున్న పిల్లవాడు పొద్దున్నే కడుపునొప్పి అంటే, రాత్రి తిన్నది అరగలేదులే అని సోడా తాగించి కూర్చోకండి. వాడి కళ్ళలోకి చూడండి. రెప్పలు వాలుతున్నాయా? మాట తడబడుతున్నదా? అనుమానం వస్తే చాలు, గాటుకోసం వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరండి.

నేపాల్ తరాయి ప్రాంతంలో జరిపిన ఒక పరిశీలన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. దోమతెరలో పడుకునేవారికి కట్లపాము కాటు ప్రమాదం తక్కువని అందులో తేలింది. తెర వుంటే చాలదు, దాని అంచులు పరుపు కిందికి నాలుగువైపులా గట్టిగా దోపాలి. మడతమంచం తీసికెళ్ళగలిగితే మరీ మంచిది. మంచం లేకపోతే అడుగు భాగం కుట్టివున్న గుడారం వాడి, దాని జిప్పు ఎప్పుడూ మూసి వుంచండి. పిల్లలు ‘ఒక్క నిమిషం’ అని తెరిచిపెట్టిన జిప్పే ప్రమాదానికి తలుపు.

కప్పుకోవడానికి కంబళి తప్పదు. హిందూపురం సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన వుంది. పగలు వెచ్చగా వున్నా డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు వణికిస్తాయి. గొర్రెలమందతో పొలాల్లో పడుకునే మన కాపరులు భుజాన కంబళి లేకుండా అడుగు కదపరు గదా! పసిపిల్లలకూ ముసలివారికీ తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు కూడా వుండాలి.

వెలుతురు, చెప్పులు

మనిషికొక టార్చిలైటు. ఇంటికొకటి కాదు సుమా! సెల్‌ఫోను దీపాన్ని నమ్ముకుంటే, అవసరమైనప్పుడు ఫోనులో చార్జి వుండదు. రాత్రి లేచినవారు వెలుతురు లేకుండా, కాళ్ళకు బూట్లు లేకుండా రెండడుగులు కూడా వేయరాదు. చేతిలో ఒక కర్ర వుంచుకొని నేలమీద తట్టుతూ నడవండి. పొయ్యిలోకి కట్టెలు ఏరేటప్పుడు చేయి పెట్టేముందు కర్రతో కదపండి. పొద్దున బూట్లు తొడిగేముందు తలకిందులు చేసి దులపండి. తేళ్ళకు బూట్లంటే మహాప్రీతి.

తేలుకాటుకు పెద్దలకు మంటే ఎక్కువ. ఎర్రతేలు కుట్టితే పిల్లల గుండెకే ముప్పు రావచ్చు. విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఇటువంటి కేసుల్లో ప్రజోసిన్ అనే మాత్ర ప్రాణం నిలబెడుతుందని 1980లలో చూపించారు. ఆ మాత్ర డాక్టరు చేతిమీదుగా ఇవ్వవలసినదే తప్ప మీరు సంచిలో పెట్టుకొని ఇచ్చేది కాదు.

నీళ్ళు ఎన్ని? ఎలాంటివి?

నలుగురున్న కుటుంబానికి ఒక పగలు, ఒక రాత్రికి తాగడానికే 15 లీటర్లు వుంచుకోండి. వంటకూ, చేతులు కడుక్కోవడానికీ మరో 20 లీటర్లు. తాగేనీరు ఇంటినుంచే తీసికెళ్ళడం అన్నిటికంటే ఉత్తమం. చాలకపోతే బావినీరో, చెరువునీరో వాడవలసి వస్తుంది. ముందు ఆ నీటిని పాత నూలుచీర నాలుగు మడతలు పెట్టి వడగట్టండి. బంగ్లాదేశ్ గ్రామాల్లో ఈ విధంగా వడగట్టుకున్న కుటుంబాల్లో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ప్రచురితమైన పరిశోధన చెబుతున్నది. ధర్మవరంవారు గమనించాలి - ఇందుకు పట్టుచీర పనికిరాదు, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరే కావాలి! వడగట్టిన తర్వాత నీటిని బాగా తెర్లనిచ్చి, కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వండి. చల్లార్చి మూత వున్న పాత్రలో పోసి, పిడి వున్న గరిటెతోనే ముంచండి.

సంచిలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు అర డజను తప్పక వుండాలి. వీటి విలువ లోకానికి తెలిసింది కూడా గుడారాలవల్లనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైను అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర మొదలైనవి కలిపిన నీటిని నోటితోనే తాగించి ఎందరి ప్రాణాలో నిలబెట్టారు. పొట్లం లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఇవి టీ చెంచాలు, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

తిండి, పొయ్యి

తేలికగా అరిగేవి, త్వరగా పాడవనివి తీసికెళ్ళండి. బొరుగులు, వేయించిన వేరుశనగ గింజలు, బెల్లం, అరటిపండ్లు, నిమ్మకాయలు మంచివి. చింతపండు పులుసు కలిపిన చిత్రాన్నం తెల్ల అన్నంకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. పొద్దున వండిన అన్నం, పప్పు, కోడికూర రాత్రికి తినకండి. ఎప్పటికప్పుడు వేడిగా వండుకోవడమే క్షేమం. సబ్బుబిళ్ళ మరిచిపోవద్దు. చిన్న పార ఒకటి వుంటే, నీటికి దూరంగా గొయ్యి తీసి మలవిసర్జన తర్వాత మట్టి కప్పవచ్చు. తిన్న విస్తళ్ళు, ఎంగిలి మెతుకులు పడక దగ్గర పారవేస్తే ఎలుకలనూ ఎలుగులనూ పిలిచినట్లే.

చలిగా వున్నదని బొగ్గుల కుంపటి గుడారంలో పెట్టుకోకండి. మూసిన గుడారంలో దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసుపొయ్యి కూడా బయటే వుండాలి.

మందుల పెట్టె

థర్మామీటరు, పారాసెటమాల్ మాత్రలు, పిల్లలకు సిరప్పు, సెట్రిజిన్, పోవిడోన్ అయొడిన్ లోషను, శుభ్రమైన దూది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజి, కంపముళ్ళు తీయడానికి చిన్న పట్టకారు, కత్తెర - ఇవి చాలు. పిల్లల మందు ఎంత మోతాదో ముందే డాక్టరును అడిగి సీసా మీద రాయించండి. ఇంట్లో పెద్దవారికి బి.పి., షుగరు మాత్రలు వుంటే ఒక రోజుకు బదులు మూడు రోజులకు సరిపడా తీసికెళ్ళండి. ఇన్సులిన్ వాడేవారు దానిని ఎండ తగలకుండా, తడిబట్ట చుట్టిన మట్టికుండలో నీరు తగలకుండా భద్రపరచవచ్చు. ధనుర్వాతం టీకా అందరికీ సక్రమంగా పడిందో లేదో బయలుదేరేముందే చూసుకోండి.

ఆసుపత్రికి దారి

ఇది సంచిలో పట్టే వస్తువు కాదు, అయినా ఇదే అసలు సామాను. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అంచనా. వారిలో ఎందరో సకాలంలో ఆసుపత్రి చేరనివారే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటి విషానికీ ఒకే యాంటీ వెనమ్ ఇంజక్షను పనిచేస్తుంది. కనుక పామును చంపి తీసికెళ్ళవలసిన పనిలేదు.

కాటు పడినవారిని నడిపించకండి. కాటు పడిన చేతిని లేదా కాలిని రెండు బద్దలు పెట్టి కదలకుండా కట్టండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మొలతాడు తీసేయండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం - ఇవేవీ వద్దు. మంత్రం వేయించడానికి పట్టే అరగంటలో ఆసుపత్రి చేరవచ్చు.

బయలుదేరేముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: బస చేసే చోటికి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి ఏది, ఎన్ని కిలోమీటర్లు, రాత్రి డాక్టరు వుంటారా, యాంటీ వెనమ్ నిలవ వున్నదా. ఫోను చేసి అడగడానికి సంకోచించకండి. 108 అంబులెన్సు సర్వీసు 2005 ఆగస్టు 15 నుంచి మనకు అందుబాటులో వుంది. అయితే వారికి చోటు చెప్పగలగాలి గదా! ఊరిపేరు, తోట యజమాని పేరు, రోడ్డుమీది గుర్తు ఆ కాగితంలో వుండాలి. కొండచాటున ఫోను పలుకుతుందో లేదో వెలుతురు వుండగానే చూసుకోండి. పలకకపోతే ఆ చోటు మీకు తగదు. ఒక బండి రాత్రంతా పెట్రోలుతో సిద్ధంగా వుండాలి.

ఒక చిన్న రిహార్సలు

వెళ్ళబోయే వారం ముందు, ఒక శనివారం రాత్రి ఈ సామానంతా మీ మిద్దెమీదికి చేర్చండి. దోమతెర కట్టి, కంబళ్ళు పరచి, టార్చిలైట్లు తలదగ్గర పెట్టుకొని పిల్లలతోసహా అక్కడే పడుకోండి. తెర ఎక్కడ చిరిగిందో, ఏ లైటు వెలగడంలేదో, తాతగారి మాత్రలు ఎక్కడ మరిచిపోయారో తెల్లవారేసరికి మీకే తెలుస్తుంది. మిద్దెమీద తెలిసిన లోటుకు కిందికి దిగితే సరిపోతుంది. తోటలో తెలిసిన లోటుకు పదిహేను మైళ్ళు పరుగెత్తాలి. గుడారం కొనడం ఆ తర్వాత చూసుకోవచ్చు.