పాత ఇంటికి కలిపిన గదిలో హ్యాండిళ్లు లేని వంటగది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పాత రాతిగోడల ఇంటిని అలాగే ఉంచి, పెరటివైపు ఒక గది కలిపి, అందులో కొత్త వంటగది పెట్టించుకునేవారు ఉన్నారు. వారిలో కొందరు హ్యాండిళ్లు లేని తలుపులు, సొరుగులు కావాలంటున్నారు. ఇలాంటి వంటగది ఎలా పనిచేస్తుంది, కలిపిన గదిలో దాన్ని బిగించేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన పాత వంటిళ్లలో గోడకు గూళ్లు ఉండేవి. వాటికి హ్యాండిల్ లేదు, అసలు తలుపే లేదు. కొలతలు లెక్కగట్టి, సామానంతా వరుసగా అమర్చిన ఆధునిక వంటగదికి ఆద్యురాలిగా ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్స్కీని చెబుతారు. 1926లో ఆమె రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. హ్యాండిల్ స్థానంలో వేలు పట్టే గాడి ఇచ్చిన తొలి వంటగది 1960లో వచ్చిన తమ 6006 నమూనాయేనని జర్మనీకి చెందిన సీమాటిక్ సంస్థ చెప్పుకుంటుంది.

హ్యాండిల్ లేకుండా తలుపు తెరవడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది గోలా ప్రొఫైల్. గట్టు రాయి కింద, రెండు సొరుగుల మధ్య అల్యూమినియం గాడి బిగిస్తారు. వేళ్లు ఆ గాడిలోకి పోనిచ్చి తలుపును లాగుతాం. రెండవది, తలుపు పై అంచునే లోపలికి వంపుగా కోయడం. మూడవది పుష్ పద్ధతి. దీనిలో తలుపును నొక్కితే లోపలి స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది.

మన ప్రాంతానికి కింది వరుసలో పుష్ పద్ధతి సరిపోదని నా అభిప్రాయం. జొన్నరొట్టె కొట్టే మనిషి గట్టుకు ఆనుకొని నిలబడుతుంది. మోకాలో తొడో తగిలిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటుంది. గోలా గాడిలో ఆ ఇబ్బంది లేదు, చీర కొంగు తగులుకోవడానికి హ్యాండిలూ ఉండదు. అయితే పిండి రాలి గాడిలో చేరుతుంది. రోజూ తడిగుడ్డతో తుడవకపోతే చీమలు పడతాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. హ్యాండిల్ ఉన్న తలుపు రెండు మూడు మిల్లీమీటర్లు వంకరగా ఉన్నా కంటికి పెద్దగా ఆనదు. హ్యాండిల్ తీసేస్తే కనిపించేవి నిలువు, అడ్డ సందులే. తలుపుకూ తలుపుకూ మధ్య సందు సాధారణంగా 3 మిల్లీమీటర్లు. అది ఒక చివర 3, మరో చివర 6 ఉంటే గదిలోకి రాగానే తెలిసిపోతుంది. అంటే గోడ నిటారుగా, నేల సమంగా ఉండాల్సిన అవసరం ఇక్కడ చాలా ఎక్కువ. కొత్తగా కలిపిన గదిలో ఈ రెండింటినీ నమ్మలేం.

దీనికి కారణం పునాది. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పాత ఇల్లు ఎన్నో ఏళ్లుగా ఆ నేలలో సర్దుకుని ఉంది. కొత్త గది ఇప్పుడే సర్దుకోవడం మొదలుపెడుతుంది. అందుకే రెండూ కలిసే చోట పగులు వస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చల్క నేలల్లో ఈ కదలిక తక్కువే కాని, అక్కడ కూడా లావుపాటి రాతిగోడ, తొమ్మిది అంగుళాల ఇటుకగోడ ఒకే తీరుగా కుంగవు. కాబట్టి పాత గోడకూ కొత్త గోడకూ మధ్య కదలిక సందు వదలమని మేస్త్రికి ముందే చెప్పాలి. సొరుగుల వరుసను ఆ సందు మీదుగా ఎప్పుడూ తీసుకుపోకూడదు. వరుస మొత్తం కొత్త గోడకే ఉండాలి.

మా ఇంట్లో నేను చేసిన తప్పు చెబుతాను. టైల్స్ వేయకముందే కొలతలు ఇచ్చి పెట్టెలు చేయించాను. గట్టు రాయిని మేస్త్రి రసమట్టంతో సమంగానే పెట్టాడు. తరువాత వేసిన నేల మాత్రం ఒక వైపు ఎత్తుగా వచ్చింది. పెట్టెల కాళ్లు సర్దుబాటు చేసేవి కావు. దాంతో రాయికీ సొరుగుకూ మధ్య సందు ఒక చివర 30 మిల్లీమీటర్లు, మరో చివర 16 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ చివరి సొరుగు తెరవడానికి మా ఇంటావిడ ఏడాదిపాటు అట్లకాడ వాడింది. చివరికి అన్నీ ఊడదీసి మరలు తిప్పే కాళ్లు వేయించాం. టైల్స్ పూర్తయ్యాకే కొలవాలి. బిగించేటప్పుడు నేలలో ఎత్తుగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టాలి. మూల సరిగా ఉందో లేదో చూడటానికి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు రావాలి.

కొత్త ప్లాస్టరింగులో తేమ చాలా వారాలు నిలిచి ఉంటుంది. ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి మరునాడు చూడండి. లోపలివైపు నీటి చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. సింకు కింది పెట్టెకు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడటం మంచిది. మరుగుతున్న నీటిలో 72 గంటలు ఉంచి దాన్ని పరీక్షిస్తారు.

రాయి బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టుకు 100 కిలోలు అవుతుంది. రొట్టె కొట్టే ఇంట్లో రాయిని పెట్టెల మీద కాక కట్టుడు గోడల మీద నిలపడమే మేలు.

ఒక విషయంలో మాత్రం అందం చూసుకుని రాజీపడకూడదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేలమట్టంలోనే పేరుకుంటుంది. హ్యాండిల్ లేని వరుస నున్నగా, మూసినట్టు కనిపించాలని కింది పట్టీని కూడా పూర్తిగా మూసేస్తుంటారు. 14.2 కిలోల సిలిండర్‌ను అలాంటి పెట్టెలో పెడితే లీకైన గ్యాసు బయటికి పోయే దారి ఉండదు. ఆ పెట్టెకు నేల దగ్గర ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు తప్పనిసరిగా ఉండాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి.

అభ్యాసం: మీ వంటగదిలో నాలుగు మూలల నేలమట్టాన్ని నీళ్ల పైపుతో చూసి తేడాలను మిల్లీమీటర్లలో రాయండి. ఆ గదిలో గోలా గాడి బిగించాలంటే పని ఏ మూల నుంచి మొదలుపెడతారో, ఎందుకో వివరించండి.