కందిచేలో ఎర, కాగితం మీద అణువు

కంది పూతకొచ్చే రోజుల్లో తాండూరు వైపు చేలల్లో కర్రలకు కట్టిన లింగాకర్షక బుట్టలు కనిపిస్తాయి. మూత కింద చిన్న రబ్బరు బిళ్ల, దాని కింద పొడుగాటి పాలిథిన్ సంచి. శనగపచ్చ పురుగు జాతి మగ రెక్కల పురుగులు ఆ బిళ్ల వాసనకు వచ్చి సంచిలో పడతాయి. మా తమ్ముడు ఒకసారి ఆ బిళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని, “అక్కా, దీంట్ల ఏముంటది? నాకైతే ఏ వాసనా వస్తలేదు” అన్నాడు. ఎమ్మెస్సీ పిల్లలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఈ జవాబు కొంచెం వివరంగానే చెప్పాలి.

అందులో ప్రధానంగా ఉండేది సిస్-11-హెక్సాడెసెనల్. 16 కార్బన్ల గొలుసు. ఒక కొసన ఆల్డిహైడ్. అక్కడి నుంచి లెక్కపెడితే 11, 12 కార్బన్ల మధ్య ఒక ద్విబంధం. ద్విబంధం తన చుట్టూ తాను తిరగలేదు. దానికి అటూ ఇటూ ఉన్న గొలుసు ముక్కలు ఒకే వైపున ఉంటే సిస్, ఎదురు వైపుల ఉంటే ట్రాన్స్. సిస్‌లో గొలుసు మోకాలు మడిచినట్టు వంగుతుంది, ట్రాన్స్‌లో దాదాపు తిన్నగా సాగుతుంది. పరమాణువులు అవే, బరువూ అదే. కానీ ఆడ పురుగు విడిచేది సిస్ రూపాన్ని. మగ పురుగు మీసాలు వెతికేదీ దాన్నే. 9వ స్థానంలో ద్విబంధం ఉన్న తోటి అణువు కూడా ఎరలో కొద్దిగా కలుస్తుంది, సుమారు 97కు 3 పాళ్లలో.

దీన్ని ప్రయోగశాలలో చేయాలంటే ముందు కాగితం, పెన్సిలు కావాలి. కావలసిన అణువును గీసి, ఏ బంధాన్ని విడదీస్తే సులువుగా దొరికే ముక్కలు వస్తాయో వెనక్కి ఆలోచించుకుంటూ పోవాలి. ఈ పద్ధతిని శాస్త్రంగా తీర్చినందుకే ఇ. జె. కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. ఇక్కడ వెనక్కి వేసే ముఖ్యమైన అడుగు ఇది: ద్విబంధాన్ని చెరిపి ఆ చోట త్రిబంధం గీయడం.

ఎందుకంటే త్రిబంధానికి పక్కలు లేవు. నాలుగు కార్బన్లు ఒకే గీత మీద ఉంటాయి, సిస్ అనీ ట్రాన్స్ అనీ ప్రశ్నే రాదు. గొలుసు మొత్తం కట్టాక, ఆకారం సంగతి తీరిగ్గా తేల్చుకోవచ్చు. సింథసిస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆలోచన ఇదే. పైగా త్రిబంధం కొసనున్న హైడ్రోజన్ బలమైన క్షారానికి తేలిగ్గా ఊడిపోతుంది, ఆ కొసకు కొత్త గొలుసు అతుక్కుంటుంది. కార్బైడ్ మీద నీళ్లు పోస్తే వచ్చే ఎసిటిలీన్‌కు ఇలా నాలుగు కార్బన్లు తగిలిస్తే 1-హెక్సైన్. దాని రెండో కొసకు మరో పది కార్బన్లు కలిపితే మన పదహారూ పూర్తి.

ఆ పది కార్బన్ల ముక్క 10-బ్రోమోడెకనాల్. ఒక కొసన బ్రోమిన్, మరో కొసన ఆల్కహాల్. చిక్కంతా ఆల్కహాల్‌తోనే. దాని హైడ్రోజన్ త్రిబంధం కొసన ఉన్నదానికంటే ఆమ్లత్వం ఎక్కువది, బలమైన క్షారంగా మనం వేసిన బ్యూటైల్ లిథియంను ముందు అదే తినేస్తుంది. అందుకని డైహైడ్రోపైరాన్‌తో దాన్ని కప్పి ఉంచి, పని అయ్యాక ఆమ్లంతో విప్పుతాం. మరి ఆల్డిహైడ్‌నే మొదట పెట్టేస్తే? హెక్సైన్ కొస బ్రోమిన్‌ను వదిలేసి ఆల్డిహైడ్ మీదే పడుతుంది. ఆల్డిహైడ్ గాలికి కూడా పాడవుతుంది. కనుక ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గా మార్చడం చిట్టచివరి మెట్టు.

ఇక త్రిబంధాన్ని ద్విబంధం చేసే రోజు. 1952లో హెర్బర్ట్ లిండ్లార్ ప్రకటించిన ఉత్ప్రేరకం ఇప్పటికీ ఈ పనికి వాడతాం: కాల్షియం కార్బొనేట్ మీద పల్లేడియం, దాని జోరు తగ్గించడానికి సీసం, పైన కాస్త క్వినోలీన్. చూడ్డానికి బూడిదరంగు పొడి. హైడ్రోజన్ నింపిన బెలూన్ తగిలించి కలుపుతూ ఉంటే, రెండు హైడ్రోజన్లూ లోహపు ఉపరితలం మీద నుంచి ఒకే వైపున చేరతాయి. అందుకే సిస్. సమయానికి ఆపకపోతే ద్విబంధం కూడా పోయి, పురుగుకు పనికిరాని గొలుసు మిగులుతుంది. సరిగ్గా వచ్చిందో లేదో కార్బన్ ఎన్‌ఎంఆర్ చెబుతుంది. ద్విబంధం పక్కనున్న కార్బన్లు సిస్‌లో 27 పీపీఎం దగ్గర, ట్రాన్స్‌లో 32 దగ్గర కనిపిస్తాయి. 32 దగ్గర అనుకోని గీత లేచిందేమోనని ఆ చార్టును చూసే క్షణాల్లో పిల్లలెవరూ మాట్లాడరు.

ట్రాన్స్ కావాలంటే అదే త్రిబంధాన్ని మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ అమ్మోనియాలో సోడియంతో కలపాలి. సోడియం కరగగానే ద్రావణం ముదురు నీలం అవుతుంది.

ఈ రెండు దారులూ ఒకేసారి అవసరమయ్యే పురుగు కూడా మన చేలల్లోనే ఉంది: పత్తిని పీడించే గులాబీ రంగు పురుగు. దాని ఎరలో రెండు ద్విబంధాలుంటాయి. 7వ స్థానంలోది ఎప్పుడూ సిస్. 11వ స్థానంలోది సగం అణువుల్లో సిస్, సగంలో ట్రాన్స్. ఇది పిల్లలకు బోర్డు మీద ఇస్తాను. ఏడో దగ్గర సిస్‌గా ముందే తేల్చి, పదకొండో దగ్గర త్రిబంధం అలాగే ఉంచితే, సీసాలో ఉన్నదాన్ని రెండు భాగాలు చేసి ఒకటి లిండ్లార్‌కు, ఒకటి సోడియానికి ఇవ్వవచ్చు. విడిగా ఉన్న సిస్ ద్విబంధాన్ని సోడియం ముట్టుకోదు. కానీ కొసనుండే ఎసిటేట్‌ను మాత్రం ఛిద్రం చేస్తుంది. అది ఎక్కడ తగిలించాలో వాళ్లే వెనక్కి గీసుకుంటూ వెళ్లి, ఆఖరి మెట్టు దగ్గర రాస్తారు.