ఆడపిల్లకి ఒక్క ఏడాది ఇవ్వలేమా?

దీపం పెట్టే వేళకి ఎదురింటావిడ మా ఇంటికొచ్చింది. "వదినా, పిల్ల బెంగుళూరు నుంచి వచ్చేసింది. అయిదు రోజులుంటాయన్నారు. మొదటి రోజే పంపించేశారట!" అంటూ గడపలోనే కూలబడింది.

వాళ్లమ్మాయి ఇంటర్ ఎంపీసీ. నేషనల్ డిఫెన్స్ అకాడమీ రాత పరీక్ష పాసై, ఆ తర్వాత జరిగే ఎస్ఎస్‌బీ ఎంపికలకి వెళ్లింది. వచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో రగడ. తండ్రి ఇంజనీరింగు కౌన్సెలింగు తేదీలు చూస్తున్నాడు. నాయనమ్మేమో "ఆడపిల్ల ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అంటోంది. పిల్ల మాత్రం ఒకే మాట మీద ఉంది. "నాకు ఒక్క ఏడాది ఇవ్వండి. మళ్లీ రాస్తాను."

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇదే ఇంట్లో డాక్టరు సీటు కోసం అబ్బాయిని రెండేళ్లు లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టారు. అప్పుడు నలుగురూ ఏమీ అనుకోలేదు మరి!

అసలు ఈ తలుపు ఆడపిల్లలకి తెరుచుకుని ఎంత కాలమైందని? 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాకే వాళ్లని ఈ పరీక్ష రాయనిచ్చారు. ఆ నవంబరు పరీక్షకి లక్షా డెబ్భై వేల మందికి పైగా అమ్మాయిలు దరఖాస్తు పెడితే సీట్లు 19. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి, 2025 మే 30న మొదటి జట్టులో 17 మంది బయటికొచ్చారు. ఇంత పోటీలో మొదటిసారి తప్పడం తల దించుకోవలసిన విషయమా, చెప్పండి!

అయితే ఏడాది ఇచ్చే ముందు లెక్క చూసుకోవాలి. ఈ పరీక్ష ఏటా రెండుసార్లు, మామూలుగా ఏప్రిల్లో, సెప్టెంబరులో ఉంటుంది. వయసు చూసేది పరీక్ష నాటికి కాదు, కోర్సు మొదలయ్యే నాటికి. అప్పటికి పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. జూన్‌లో 18 నిండిన పిల్లకి ఆ సెప్టెంబరు పరీక్ష ఒక్కటే మిగులుతుంది. తర్వాతి ఏప్రిల్ పరీక్ష కొద్దిరోజుల తేడాతో చేజారుతుంది. ఏడాది అనుకుని కూర్చుంటే చేతిలో ఉండేది మూడు నెలలే! మా ఎదురింటి పిల్లకి ఫిబ్రవరిలోనే 17 నిండాయి కాబట్టి ఇంకా మూడుసార్లు రాయొచ్చు. దరఖాస్తుకి ఆడపిల్లల దగ్గర ఫీజు తీసుకోరు. ఎంపికైతే చదువు, వసతి, భోజనం ఖర్చంతా ప్రభుత్వానిదే.

ఇంకోటి, ముందే డాక్టరుకి చూపించండి. కళ్లు, పళ్లు, చెవులు, పాదాలు అన్నీ చూస్తారక్కడ. సరిచేయలేని లోపమేదైనా ఉంటే ఏడాది గడిచాక కాదు తెలియాల్సింది.

ఇంతకీ ఆ పిల్ల ఎక్కడ తప్పింది? దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. మొదటి రోజు ఒక మసక బొమ్మని అర నిమిషం చూపిస్తారట. దాని మీద నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. తర్వాత గుంపులో కూర్చుని అందరూ చర్చించి ఒక ఉమ్మడి కథకి రావాలి. "కథ బాగానే రాశాను పిన్నీ. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. వాళ్లు ఆపాక చెబుదామనుకున్నాను. వాళ్లు ఆపలేదు" అంది.

వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆడపిల్ల గట్టిగా మాట్లాడకూడదు, పెద్దవాళ్ల మాట పూర్తయ్యేదాకా నోరెత్తకూడదు... పదిహేడేళ్లు మనం నేర్పింది ఇదేగా! ఆవిడ ఏమీ అనకుండా లోపలికెళ్లి కాఫీ కలిపి తెచ్చింది. ఆ రాత్రి మొగుడితో ఏం మాట్లాడిందో నాకు తెలీదు. మర్నాడు "ఏడాది ఆగుదామనుకున్నాం వదినా" అని చెప్పింది.

తండ్రి ఒక షరతు పెట్టాడు. మే నెలలో ఎంసెట్టూ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి) మళ్లీ రాయాలి. పిల్ల ఒప్పుకుంది. రెండింటికీ లెక్కలు ఉమ్మడే కదా! ఊళ్లో "సెలక్షన్ గ్యారంటీ" అని బోర్డు పెట్టిన చోట అడిగితే చెప్పిన ఫీజుకి కళ్లు తిరిగాయి. రాత పరీక్షకి పాత ప్రశ్నపత్రాలు, ఇంటర్ పుస్తకాలు చాలనుకున్నారు. అసలు పని నోరు తెరవడం. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది గనక పొద్దున్నే ఇంగ్లీషు పేపరు పైకి చదువుతోంది. సాయంత్రం మా వీధి పిల్లలు పదిమందిని పోగేసి లెక్కలు చెబుతోంది. ఆ పదిమందినీ అదుపులో పెట్టడమూ చర్చ లాంటిదే! మొన్న నాయనమ్మ మాటకి అడ్డొచ్చి తన మాట పూర్తి చేసింది. ఆవిడ విసుక్కుంది గానీ విన్నది.

ఒకవేళ ఇదీ అందకపోతే? డిగ్రీ తర్వాత సీడీఎస్ రాసి చెన్నై శిక్షణ అకాడమీకి వెళ్లే దారుంది. కాలేజీలో ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇంకోటి. ఆ సంగతి పిల్ల దగ్గర ఇప్పుడు ఎత్తొద్దన్నాను, అమ్మకి మాత్రం చెప్పి ఉంచాను.

తెల్లవారుజామున అయిదున్నరకి మునిసిపల్ గ్రౌండ్‌లో పరుగు. ఒక్కదాన్నీ పంపలేక తల్లి కూడా వెళ్తోంది. మొదట్లో గట్టు మీద కూర్చునేది. ఈమధ్య చీర కింద కాన్వాసు బూట్లు కనిపిస్తే అడిగాను. "ఊరికే కూర్చుంటే దోమలు వదినా... నాలుగు రౌండ్లు నడుస్తున్నా" అంది.