వాడరేవున చూచిన పక్షి యేది?



కొన్ని దినముల క్రిందట నేను చీరాల వాడరేవున నిలిచియుండగా ఒక పెద్ద తెల్లని పక్షి తీరము వెంబడి దక్షిణముగా ఎగిరిపోయెను. నాతోనున్న విద్యార్థి, "ఇది ఆల్బట్రాసు కాదా?" అని యడిగెను. అతడా పేరును పుస్తకమున చదివియుండెను. ప్రక్కన వల బాగుచేసికొనుచున్న పల్లెకారు వృద్ధుడు నవ్వి, "గూడబాతు, బాబూ" అనెను. ఇరువురిలో నెవరి మాట నిజమో తేల్చుటకు మూడు ప్రశ్నలు చాలును. ముక్కెట్టిది? ఎగురు తీరెట్టిది? నివాసమెచ్చట?

ఆల్బట్రాసులలో మిక్కిలి పెద్దదియగు సంచార ఆల్బట్రాసు రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు 11 అడుగుల వరకు నుండును. ముక్కు కొన కొక్కెమువలె వంగియుండును. ముక్కు రంధ్రములు ఇరుప్రక్కల చిన్న గొట్టములవలె నుండును. సముద్రముపై గాలి అలల దగ్గర మందముగను, పైని బలముగను వీచును. ఈ భేదమును ఆధారముగా గొని, అది దిగుచు లేచుచు, రెక్క లాడింపకయే గంటలకొలది పోగలదు. కావున గాలులెడతెగక వీచు దక్షిణ సముద్రమే దాని యిల్లు. క్రోజే, కెర్గెలెన్ మొదలగు దీవులలో నేలపై గూడు కట్టి ఒక్క గ్రుడ్డు పెట్టును. భూమధ్యరేఖకడ గాలి తరచుగా పడిపోవును గనుక ఆ ప్రదేశము దానికి అడ్డుగోడ వంటిది. మన బంగాళాఖాతము దాని నివాసము కాదు.

ఇక గూడబాతు. దాని ముక్కు పొడవుగా, బల్లపరుపుగా నుండును. క్రింద తోలుసంచి యుండును. చేపలను నీటితోకూడ సంచిలోనికి తీసికొని, నీటిని వెడలగొట్టి, చేపలను మ్రింగును. మన దేశమున గూడు కట్టు జాతికి పైముక్కు అంచున చుక్కలుండును. ఎగురునపుడు మెడను వెనుకకు మడచికొని, రెక్కలను నెమ్మదిగా కొట్టుచు, నడుమ నడుమ తేలుచు పోవును. మేము చూచిన పక్షి మెడ మడచియే యుండెను. పొడవైన ముక్కును స్పష్టముగా కనబడెను. వృద్ధుని మాటయే నిజము.

పేరేదైన నేమి యందురా? ఆల్బట్రాసు గూడు వేల మైళ్ల దూరమున నున్నది. గూడబాతు గూడో, మన చెరువుగట్టు చెట్టుమీదనే యుండును. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున ఈ పక్షుల గొప్ప స్థావరమును చూచి, 1949లో దానిని గూర్చి వ్రాసెను. తరువాతి కాలమున పక్షులా చోటు విడిచిపోయినవి. గుంటూరునకు సమీపమున ఉప్పలపాడు చెరువులో మాత్రము, తుమ్మచెట్లపై, నేటికిని అవి గూళ్లు కట్టుచున్నవి. ఆ గ్రామస్థులు వానిని తరిమివేయలేదు.

రెట్టల దుర్వాసన బాధాకరమే. కాని ఆ రెట్టలు కలిసిన నీరు పైరునకు ఎరువగును. శీతకాలము మొదలు వేసవి వరకు గూళ్లలో పిల్లలుండును. అప్పుడు చెట్టు నరికినచో ఎగురనేరని ఆ పిల్లలు చచ్చును. ఊరిలో పెద్దల మాట చెల్లును గనుక, ఆ నెలలలో గూళ్లున్న చెట్టుపై గొడ్డలి పడనీయకుడని మిమ్ము వేడుచు, సెలవు గైకొనుచున్నాను.