అడవిదారి బండికి ఏ అమరికలు అవసరము?



మన ప్రాంతమున ఎడ్లబండి చేయు పనిలో చాల భాగమును నేడు పికప్పు బండి చేయుచున్నది. చర్ల, దుమ్ముగూడెము మండలముల మిర్చియు ప్రత్తియు ఖమ్మము మార్కెట్టు చేరుటకు భద్రాచలము నుండియే సుమారు 120 కిలోమీటర్లు పోవలెను. అంతకు ముందు చేను మొదలు తారురోడ్డు వరకు బురదయు, ఇసుకయు, రాళ్లును దాటవలెను. కావున బండి కొన్న రైతు అదనపు అమరికలకై దుకాణమునకు పోవుట సహజము. అయితే కంటికింపైన వానికి గాక, బండి నేలను తాకుచోట మొదట సొమ్ము వెచ్చించుట వివేకము.

మొదటిది టైర్లు. అరిగి నునుపైన టైర్లతో ఎంత బలమైన ఇంజనైనను బురదలో వ్యర్థమే. లోతైన గాడులు గల టైర్లు పట్టునిచ్చును గాని, మిక్కిలి పెద్ద గాడులు తారురోడ్డుపై త్వరగా అరుగును. డీజిలు ఖర్చును పెంచును. మన బండ్లు ఎక్కువ దూరము తారురోడ్డుపైననే పోవును గనుక మధ్యరకము మేలు. కొలత మాత్రము తయారీదారు నిర్ణయించినదే కావలెను. ఒక గాలిపంపును, గాలి కొలుచు గేజిని వెంట నుంచుకొనుడు. ఖాళీ బండి ఇసుకలో దిగబడినప్పుడు టైర్లలో గాలి కొంత తగ్గించినచో పట్టు హెచ్చును. రోడ్డెక్కగనే మరల నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి పగులును.

రెండవది కమాను కట్టలు. విరిగిన పట్టీని మార్చుట మరమ్మతు. అదనపు పట్టీని చేర్చి అధిక బరువు వేయుట అపాయము. పట్టీ చేర్చినంతమాత్రమున బ్రేకులకు గాని, ఇరుసునకు గాని బలము పెరుగదు. ఘాటు దిగునప్పుడు ఆ లోపము తెలియవచ్చును. అప్పటికి చేయునది లేదు.

మూడవది ముందు కట్టు ఇనుప గార్డు. ఇది గుద్దిన దెబ్బను నేరుగా చాసిస్‌కు చేర్చును. ఎదుటి పాదచారికి ప్రాణాంతకము. ఇవి మోటారు వాహనముల చట్టము సెక్షను 52కు విరుద్ధములని కేంద్ర ప్రభుత్వము 2017 డిసెంబరులో రాష్ట్రములకు తెలిపినది. 2019 సవరణ ననుసరించి అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

నాలుగవది ఇంజను గాలిగొట్టమును పైకెత్తుట. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. నది పొంగినప్పుడు వాగులు ఎగదన్నును. రెండడుగుల లోతు ప్రవాహము పికప్పును సైతము కొట్టుకొని పోగలదు. గొట్టము ఇంజనులోనికి నీరు పోకుండ ఆపునేమో గాని, బండిని నేలకు అంటిపెట్టి యుంచదు. వాగు తగ్గువరకు ఆగుటయే తగిన ఉపాయము.

ఇక తక్కువ ఖర్చుతో అక్కరకు వచ్చునవి: గట్టి లాగుడు త్రాడు, పార, రెండు మందపు పలకలు. దిగబడిన బండిని లాగు చైను కప్పీ ప్రతివానికి అవసరము లేదు; సంఘములో ఒకటి యుంచినచో ఊరంతటికి చాలును. ఏ అమరికనైనను కొనుటకు ముందు ఇది దారికి కావలెనా, చూపునకు కావలెనా యని ప్రతి సభ్యుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.